మీ చేతికి పన్నెండు స్టోర్లు ఇచ్చి మార్పు తెమ్మంటే ఏం చేయాలి

సూపర్ మార్కెట్ చైన్‌లో ఏరియా మేనేజర్‌గా ప్రమోషన్ వచ్చిన రోజు మీ చేతికి రెండు వస్తాయి. ఒకటి, పన్నెండో పదిహేనో స్టోర్ల జాబితా. రెండోది, హెడ్డాఫీసు నుంచి ఒక మాట: "అక్కడ కల్చర్ బాగాలేదు, మీరు వెళ్లి మార్చాలి." జాబితా అర్థమవుతుంది. ఆ మాటకి అర్థమేంటో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు.

నేను విజయవాడలో ఒక చైన్‌లో బిల్లింగ్ కౌంటర్ మీద మొదలుపెట్టి ఫ్లోర్, స్టోర్ మేనేజర్, ఏరియా మేనేజర్ దాకా ఈ రంగంలోనే ఉన్నాను. మార్పు పేరుతో వచ్చిన సర్క్యులర్లు మొదట అందుకున్నాను, తర్వాత నేనే పంపాను. వాటిలో ఏవి నిలిచాయో, ఏవి మూడు నెలలకే కనపడకుండా పోయాయో దగ్గరుండి చూశాను. నిలిచినవాటన్నిటికీ ఒక పోలిక ఉంది. వాటివల్ల కింద పనిచేసే మనిషికి పని తేలికైంది. మీరు ఏ మార్పు తేవాలన్నా ఈ ఒక్క పరీక్ష పెట్టుకోండి. కౌంటర్ మీద ఉన్న అమ్మాయికి, గోడౌన్‌లో పెట్టెలు మోస్తున్న కుర్రాడికి దీనివల్ల రేపు పని తగ్గుతుందా, పెరుగుతుందా?

1. మొదటి పదిహేను రోజులు ఏమీ ప్రకటించకండి

చార్జ్ తీసుకున్న మర్నాడే మీటింగ్ పెట్టి "ఇక నుంచి ఇలా ఉంటుంది" అని చెప్పాలనిపిస్తుంది. పైనుంచి కూడా ఆ టెన్షన్ ఉంటుంది. ఆగండి. మీ జాబితాలోంచి మూడు స్టోర్లు ఎంచుకుని, ఒక్కోదానికి ఐదు రోజుల చొప్పున యూనిఫాం వేసుకుని అక్కడివాళ్లతో పాటు పని చేయండి. ఏరియా మేనేజర్ చేతులు వెనక్కి కట్టుకుని ర్యాకుల మధ్య నడుస్తుంటే ఆ గంటసేపు స్టోర్ మొత్తం నటిస్తుంది. అదే మనిషి క్రేటు ఒకవైపు పట్టుకుంటే పది నిమిషాల్లో మాటలు మొదలవుతాయి.

ఏ షిఫ్టుల్లో ఉండాలో కూడా చెబుతాను. పొద్దున ఆరింటికి కూరగాయల బండి వచ్చేటప్పుడు ఒక రోజు ఉండండి. క్రేట్లు దించడం, తూకం వేయడం, పాడైనవి ఏరడం, షట్టర్ తీసేలోపు సర్దడం మీ చేతులతో చేయండి. ఒకటో తారీకు నుంచి ఐదో తారీకు లోపు ఒక సాయంత్రం, జీతాలు పడి జనం నెల సరుకులకి వచ్చే టైమ్‌లో, క్యాషియర్ పక్కన నిలబడి సంచులు సర్దండి. ఒక రాత్రి క్లోజింగ్ దాకా ఉండండి. క్యాష్ లెక్క తేలి, బ్యాగుకి సీలు పడి, ఆడపిల్లలు ఏ ఆటో ఎక్కి ఇళ్లకి వెళ్తున్నారో చూశాకే మీరు బయల్దేరండి.

ఇదేదో చిన్న ఉద్యోగాలవాళ్లకే చెప్పే సలహా అనుకోకండి. 2012 సెప్టెంబరులో అమెరికాలో బెస్ట్ బై అనే ఎలక్ట్రానిక్స్ చైన్‌కి యూబేర్ జోలీ సీఈఓగా వచ్చాడు. ఆ కంపెనీ పని ఇక అయిపోయిందనే అప్పట్లో చాలామంది అనుకున్నారు. జనం స్టోర్‌కి వచ్చి టీవీ చూసుకుని, ఇంటికెళ్లి ఆన్‌లైన్‌లో తక్కువకి తెప్పించుకుంటున్నారు. జోలీకి రిటైల్ అనుభవం లేదు. మొదటి రోజుల్ని మిన్నెసోటాలోని సెయింట్ క్లౌడ్ స్టోర్‌లో గడిపాడు, నీలం చొక్కా మీద "శిక్షణలో ఉన్న సీఈఓ" అనే బ్యాడ్జీ పెట్టుకుని. కంపెనీ వెబ్‌సైట్‌లో ఒకటి వెతికితే ఇంకోటి వస్తోందని ఆయనకి చెప్పింది స్టోర్ సిబ్బందే. ఉద్యోగుల డిస్కౌంట్‌ని కోసేయడం వాళ్లని ఎంత బాధపెట్టిందో కూడా అప్పుడే తెలిసింది. ఆ డిస్కౌంట్ తిరిగి ఇచ్చాడు. ఆన్‌లైన్ పోటీదారుల రేటుకే స్టోర్‌లోనూ అమ్మేలా చేశాడు. 2019 వరకు ఆయనే నడిపాడు, కంపెనీ నిలబడింది.

ఈ పదిహేను రోజులూ జేబులో పట్టే నోట్‌బుక్ ఒకటి దగ్గర పెట్టుకోండి. పనిచేస్తున్న మనిషి ఎవరైనా దేనికోసమైనా ఆగినప్పుడల్లా ఒక లైను రాయండి. టైము, చోటు, దేనికోసం ఆగారు, ఎంతసేపు. అంతకంటే వద్దు. "ఇక్కడ సమస్యలేంటి?" అని అడిగితే "ఏం లేవు సార్, అంతా బాగుంది" అంటారు. "నిన్న మీ పని ఎక్కడ ఆగింది?" అని అడగండి, చెబుతారు.

2. ఎక్కువసార్లు వచ్చిన ఒక్క లైను తీసుకుని, దాని మొదలు దాకా వెళ్లండి

నా పాత నోట్‌బుక్‌లో ఒక లైను ఇలా ఉంది: "రాత్రి 8:10, కౌంటర్ 3, నూనె, 6 నిమిషాలు."

అది నెల మొదటి శనివారం. లైన్లో తొమ్మిది మంది ఉన్నారు. ఒక పెద్దావిడ ఐదు లీటర్ల సన్‌ఫ్లవర్ నూనె క్యాన్ తెచ్చింది. ర్యాక్ మీద ట్యాగ్‌లో ఒక రేటు, బిల్లులో దానికంటే నలభై రూపాయలు ఎక్కువ. "అక్కడ ఆఫర్ అని రాశారు కదమ్మా" అంది ఆవిడ. క్యాషియర్‌కి రేటు మార్చే వీల్లేదు, సూపర్‌వైజర్ వచ్చి కార్డు గీకాలి. ఆయన వెనక గోడౌన్‌లో స్టాక్ దింపించుకుంటున్నాడు. బెల్లు కొట్టింది, మైకులో పిలిచింది. లైన్లో వెనకున్నాయన "ఇంకెంతసేపమ్మా, మాకు పనులు లేవా" అన్నాడు. ఆ అమ్మాయి ఎవరికీ జవాబు చెప్పలేదు. తల వంచుకుని, అప్పటికే సర్దిన సంచిలోంచి పప్పు ప్యాకెట్లు బయటికి తీసి మళ్లీ సర్దింది. ఆరు నిమిషాలకి సూపర్‌వైజర్ వచ్చాడు, చేతుల నిండా అట్టపెట్టెల దుమ్ము. కార్డు గీకి, "పాత ట్యాగులు తీసేయమని పొద్దున్నే చెప్పాను కదా" అని అందరి ముందూ ఆమెని అన్నాడు. ఆమె పొద్దున షిఫ్టులో లేనే లేదు.

ఇలాంటి ఆరు నిమిషాలు పది పోగైతే హెడ్డాఫీసు రిపోర్టులో "స్టాఫ్ యాటిట్యూడ్ బాగాలేదు" అని వస్తుంది. నేను ఒక్కో ముడీ విప్పుకుంటూ వెనక్కి వెళ్లాను. ఆఫర్ శుక్రవారం అర్ధరాత్రితో సిస్టమ్‌లో ముగిసింది. కొత్త ట్యాగులు శనివారం షట్టర్ తీసేలోపు ప్రింట్ తీసి మార్చాలి. లేబుల్ రోల్ అయిపోయి నాలుగు రోజులైంది, ఇండెంట్ పెట్టినా, అంటే కావాలని రాసి పంపినా, రాలేదు. రోల్ ఉన్నా లాభం లేదు. ఓపెనింగ్‌లో ఏడుగురు ఉండాల్సిన చోట నలుగురే ఉన్నారు. ఆ నలుగురూ బండి దించాలా, ట్యాగులు మార్చాలా? నెలలో అన్నిటికంటే రద్దీ ఉండే రోజుకి ముందు రాత్రే ఆఫర్ ముగిసేలా పెట్టింది ఎవరో తెలియదు కానీ, వాళ్లు ఎప్పుడూ ఆ కౌంటర్ దగ్గర నిలబడి ఉండరు.

మీరు కూడా ఇలాగే వెతకండి. "ఎందుకు?" అని అడుగుతూ పోతుంటే మధ్యలో ఒక మనిషి పేరు వస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోయి ఆ మనిషికి మెమో ఇస్తారు. మీరు ఆగొద్దు. లేబుల్ రోల్, ఎవరు ఏ షిఫ్టో రాసే రోస్టర్, బండి వచ్చే టైము, ఇలా చేత్తో మార్చగలిగేది ఒకటి తగిలేదాకా వెళ్లండి.

మేం చేసినవి మూడే. ప్రతి స్టోర్లో ఎప్పుడూ రెండు రోల్స్ అదనంగా ఉండాలన్నాం. ఆఫర్లు ముగిసే రోజుని వారం మధ్యలోకి మార్పించాం. యాభై రూపాయల లోపు తేడా ఉంటే క్యాషియరే తన లాగిన్‌తో సరిచేసుకునే వీలు ఇచ్చాం. మూడోదానికి పైనుంచి గట్టి అభ్యంతరం వచ్చింది, దుర్వినియోగం చేస్తారని. సరిచేసిన ప్రతిదీ ఎవరి లాగిన్‌లో జరిగిందో రికార్డవుతుంది, మర్నాడు పొద్దున స్టోర్ మేనేజర్ ఆ జాబితా చూస్తాడు అని చెప్పి ఒప్పించాం. రోజూ వేల రూపాయల క్యాష్ లెక్కపెట్టే మనిషిని నలభై రూపాయల దగ్గర నమ్మకపోతే, ఆ మనిషి మన మాటల్లో దేన్నీ నమ్మదు.

3. కొత్త పని చెప్పేముందు పాత పని ఒకటి తీసేయండి

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న పాఠం. ఏరియా మేనేజర్ అయిన మొదటి ఏడాది నేనొక చెక్‌లిస్ట్ పెట్టాను. రోజుకి మూడుసార్లు, ప్రతి సెక్షన్ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఒక్క నెలలో గ్రూపు ఫొటోలతో నిండిపోయింది. ర్యాకులన్నీ అద్దంలా ఉన్నాయి. నేను సంతోషపడ్డాను. ఒకరోజు సబ్బుల సెక్షన్ ఫొటోలో వెనకాల గోడమీద క్యాలెండర్ కనిపించింది. మేమున్నది ఆగస్టులో, క్యాలెండర్‌లో జూన్. జూన్‌లో ఒకసారి శుభ్రంగా సర్ది ఫొటోలు తీసి పెట్టుకున్నారు, రోజుకొకటి పంపిస్తున్నారు.

నాకు కోపం వచ్చింది, ఆ స్టోర్‌కి వెళ్లాను. స్టోర్ మేనేజర్ నాకంటే వయసులో పెద్దాయన. దాచుకోకుండా చెప్పాడు. "సార్, ఫొటోలకి రోజుకి గంటన్నర పడుతోంది. ఆ గంటన్నర ఎవరి పనిలోంచి తీయమంటారు? మీరు చెప్పలేదు. అందుకని మేమే ఇలా సర్దుకున్నాం." ఆయన మాట న్యాయం. సిబ్బంది చేత అబద్ధం ఆడించింది నేను పెట్టిన పద్ధతే.

అప్పటి నుంచి ఒక నియమం పాటిస్తున్నాను, మీరూ పాటించండి. స్టోర్‌కి వెళ్లే ప్రతి కొత్త పని పక్కన, దానికోసం ఆపేస్తున్న పాత పని పేరు రాసి ఉండాలి. లేకపోతే సర్క్యులర్ బయటికి పోకూడదు. తీసేయడానికి ఏముంటాయి అంటారా? ఏ స్టోర్‌లోనైనా ఒక రిజిస్టర్‌లోనూ సిస్టమ్‌లోనూ రెండుచోట్లా రాస్తున్న లెక్క ఒకటుంటుంది. ఎప్పుడో వెళ్లిపోయిన మేనేజర్ అడిగిన రిపోర్టుని ఇంకా ఎవరో పంపుతూనే ఉంటారు. స్టోర్ మేనేజర్లని అడగండి: "ఏ రిపోర్టు రేపటి నుంచి పంపకపోతే ఎవరూ గమనించరు?" నేను అడిగినప్పుడు పదకొండు వచ్చాయి. ఏడు ఆపేశాం, ఎవరూ ఫోన్ చేయలేదు.

4. స్టోర్ మేనేజర్‌తో విడిగా కూర్చోండి

చైన్ ఎంత పెద్దదైనా సిబ్బందికి కంపెనీ అంటే వాళ్ల స్టోర్ మేనేజరే. వీక్లీ ఆఫ్ ఇచ్చేది, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే పంపించేది, అందరి ముందూ తిట్టేది లేక పక్కకి పిలిచి చెప్పేది ఆయనే. ఆయన ఒప్పుకోని మార్పు షట్టర్ దాటి లోపలికి రాదు.

గుంపుగా మీటింగ్ పెట్టి ఒప్పించాలని చూడకండి. అందరూ తలూపుతారు. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, బయట టీ కొట్టు దగ్గర కూర్చుని మాట్లాడండి. మూడు విషయాలు తెలుసుకోండి. ఆయనకి రాత్రి నిద్ర పట్టనివ్వని టార్గెట్ ఏది, ఆయన టీమ్‌లో ఎవరు మానేస్తే స్టోర్ ఆగిపోతుంది, ఆడిట్ వాళ్లు వచ్చినప్పుడు ఆయన దేనికి భయపడతాడు.

మూడోది చాలా ముఖ్యం. ఒక చైన్‌లో కల్చర్ ఎలా ఉందో తెలియాలంటే ఆడిట్ రోజున ఎవరిని దేనికి తిట్టారో చూడండి. నేను ఒక స్టోర్‌లో క్యాషియర్లకి ఎత్తు స్టూళ్లు వేయించాను. తొమ్మిది గంటలు నిలబడే పని. సాయంత్రానికి కాళ్లు వాచి, చెప్పులు విప్పేసి కౌంటర్ కింద కాలి మీద కాలు వేసుకుని బిల్లు కొట్టేవాళ్లని నా కళ్లతో చూశాను. నెల తర్వాత వెళ్తే స్టూళ్లు గోడౌన్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. హెడ్డాఫీసు నుంచి ఒక పెద్ద మనిషి వచ్చి "స్టాఫ్ కూర్చుంటే స్టోర్ డల్‌గా కనిపిస్తోంది" అన్నాడట. మేనేజర్ అదే రోజు తీయించేశాడు. ఆయన్ని నేను తప్పుపట్టలేదు. ఆ మాట పడ్డప్పుడు ఆయన వెనక నిలబడతానని నేను ముందుగా చెప్పి ఉండాల్సింది.

కోళికోడ్ బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు ఈ కూర్చునే హక్కు కోసమే ఏళ్ల తరబడి పోరాడారు. కేరళ 2018లో దాన్ని షాపుల చట్టంలో చేర్చింది, తమిళనాడు 2021లో చేర్చింది. చట్టం చెప్పేదాకా మనం ఆగక్కర్లేదు. ఒక స్టూల్ వేయడానికి ఏరియా మేనేజర్ సంతకం చాలు. తీసేయకుండా ఉండాలంటే మాత్రం "ఇది నా ఆదేశం" అని మీ పేరుతో రాసిన మెయిల్ ఒకటి స్టోర్ మేనేజర్ దగ్గర ఉండాలి. నేను తర్వాత అలాగే చేశాను. స్టూళ్లు తిరిగి కౌంటర్ల దగ్గరికి వచ్చాయి.

5. ముందు రెండు స్టోర్లలో చేసి చూడండి

చేసి చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలోని జేసీ పెనీ కంటే పెద్ద ఉదాహరణ లేదు. 1902లో మొదలైన కంపెనీ అది, సుమారు 1,100 డిపార్ట్‌మెంట్ స్టోర్లు. ఆపిల్ స్టోర్లని గొప్పగా నడిపిన రాన్ జాన్సన్‌ని 2011 నవంబరులో సీఈఓగా తెచ్చుకున్నారు. కూపన్లు, ఎప్పుడూ ఉండే సేల్స్ గందరగోళమని, రోజూ ఒకే సరసమైన ధర ఉండాలని ఆయన అనుకున్నాడు. ఆలోచన మంచిదే. కానీ కొన్ని స్టోర్లలో పరీక్షించకుండానే 2012 ఫిబ్రవరి 1న దేశమంతటా ఒకేసారి మార్చేశాడు. కూపన్లు కత్తిరించి దాచుకుని, వాటితో వచ్చి బేరం దక్కించుకున్నామన్న సంతోషంతో వెళ్లే కస్టమర్లు రావడం మానేశారు. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు 25 శాతం పడిపోయాయి. నష్టం 98.5 కోట్ల డాలర్లు. 2013 ఏప్రిల్‌లో జాన్సన్ వెళ్లిపోయాడు. కౌంటర్ మీద కూపన్లు తీసుకునే సిబ్బందిని ముందే అడిగి ఉంటే ఆ కస్టమర్లు ఎవరో వాళ్లు చెప్పేవాళ్లని నా నమ్మకం.

ఇంకోవైపు బ్రిటన్‌లో ఆస్డా ఉంది. 1991 చివర్లో ఆర్చీ నార్మన్ పగ్గాలు తీసుకునేసరికి ఆ సూపర్ మార్కెట్ చైన్ అప్పుల్లో మునిగి ఉంది. మొదట్లో ఆయన కఠినంగానే ఉన్నాడు, జీతాల పెంపు ఆపాడు, కొన్ని వ్యాపారాలు అమ్మేశాడు. స్టోర్ల విషయానికి వచ్చేసరికి మాత్రం కొన్నింటిని ప్రయోగాలకి వదిలాడు. అక్కడ చేసింది తప్పయినా శిక్ష ఉండదని ముందే మాటిచ్చాడు. అక్కడ పనికొచ్చినవే తర్వాత మిగతా స్టోర్లకి వెళ్లాయి. సిబ్బంది ఎవరైనా నేరుగా ఆయనకే సూచనలు రాసే "టెల్ ఆర్చీ" అనే పద్ధతి కూడా పెట్టాడు. 1999లో వాల్‌మార్ట్ ఆ కంపెనీని 670 కోట్ల పౌండ్లకి కొన్నది.

మీ పన్నెండింటిలో రెండు ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే బాగా నడిచే స్టోర్ తీసుకోవద్దు. అక్కడ ఏం చేసినా నడుస్తుంది, మిగతావాళ్లు "వాళ్లకి స్టాఫ్ ఎక్కువ సార్" అంటారు. మధ్యస్తంగా ఉన్నది ఒకటి తీసుకోండి, మేనేజర్‌కి ఉత్సాహం ఉంటే చాలు. రెండోది కష్టమైన స్టోర్ అయ్యుండాలి. కనీసం ఎనిమిది వారాలు నడపండి. నెల మొదటివారం రద్దీ రెండుసార్లు తట్టుకోవాలి. తట్టుకోలేకపోతే అది రేపు సంక్రాంతికి కూలిపోతుంది.

మొదలుపెట్టే ముందు మీ పైవాళ్ల దగ్గర మెయిల్ మీద ఒక మాట తీసుకోండి: ఈ ఎనిమిది వారాల్లో ఆ రెండు స్టోర్ల టార్గెట్ కాస్త తగ్గినా మేనేజర్ ఇన్సెంటివ్ కోత పడదని. ఈ మాట నోటితో ఇస్తే నెలాఖరుకి గుర్తుండదు. ఇది రాకపోతే మొదలుపెట్టకండి.

కొలవడానికి మూడు అంకెలు చాలు. బిల్లింగ్‌లో రోజుకి ఎన్ని రేటు తేడాలు వచ్చాయి. సాయంత్రం ఏడింటికీ తొమ్మిదింటికీ మధ్య లైన్లో ఎంతసేపు నిలబడాల్సి వస్తోంది. ఆ నెల ఎంతమంది ఉద్యోగం మానేశారు. అమ్మకాలు సిస్టమ్‌లో ఎలాగూ కనిపిస్తాయి.

6. రోజూ పొద్దున ఏడు నిమిషాలు

చాలా స్టోర్లలో బ్రీఫింగ్ ఉంటుంది. వరసలో నిలబెట్టి నిన్నటి టార్గెట్ ఎంత తగ్గిందో చదివి, గోళ్లు, యూనిఫాం చూసి, తిట్టి పంపిస్తారు. రోజు అలా మొదలైతే కస్టమర్‌ని చూసి నవ్వమనడం అన్యాయం.

ఇలా చేసి చూడండి. మొదటి మూడు నిమిషాలు నిన్న ఆగిన పని గురించి. "నిన్న ఎవరి పని ఎక్కడ ఆగింది?" అని మేనేజర్ అడగాలి. మొదటి వారం అందరూ నేల చూపులు చూస్తారు. అప్పుడు మేనేజర్ తన పని ఎక్కడ ఆగిందో చెప్పాలి. ఒక స్టోర్‌లో తొమ్మిదో రోజు హౌస్‌కీపింగ్‌లో చేసే ఆవిడ మొదటిసారి నోరు విప్పింది.

"సార్, ఫ్రిజ్‌ల కాడ నీళ్లు కారుతున్నయి. నేను గంటకోసారి తుడుస్తున్న. ఇంకెవరన్న జారి పడతరేమో."

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"ఉగాది కాడి నుంచి."

అప్పటికి రెండు నెలలు. ఆ రోజే మెకానిక్ వచ్చాడు. మర్నాడు బ్రీఫింగ్‌లో మేనేజర్ "ఈమె చెప్పింది కాబట్టి బాగైంది" అని ఆమె పేరుతో సహా అన్నాడు. ఆ వారంలో ఇంకో ఆరుగురు మాట్లాడారు.

మిగతా నాలుగు నిమిషాల్లో ఆ రోజు ఆఫర్‌లో ఉన్న సరుకు ఒకటి చేతిలో పట్టుకుని చూపించండి, ఎవరో ఒకరు చేసిన మంచి పని ఒకటి చెప్పండి. "బాగా చేశారు" అని ఊరికే అనకండి. "కౌంటర్ రెండులో రాత్రి ఆ తాతగారి సామాన్ల ట్రాలీ ఆటో దాకా తోసుకెళ్లావు చూడు, అది" అని చెప్పండి. తిట్టాల్సింది ఉంటే తర్వాత, విడిగా, గదిలో. మీరు ఆ స్టోర్‌కి వెళ్లిన రోజు వరసలో చివర నిలబడండి, ముందు నిలబడకండి.

7. మిగతా స్టోర్లకి మనుషుల్ని పంపండి, ప్రెజెంటేషన్ పంపకండి

రెండు స్టోర్లలో నిలబడ్డాక హడావిడిగా పదింటికీ పాకించాలనిపిస్తుంది. నెలకి రెండు చొప్పున వెళ్లండి. డీమార్ట్ మొదటి స్టోర్ 2002లో తెరిచింది. పదిహేనేళ్ల తర్వాత 2017లో షేర్ మార్కెట్‌కి వచ్చేనాటికి దాని స్టోర్లు సుమారు 130. తొందరపడకపోవడం వల్ల ఏమీ పోలేదు.

కొత్త స్టోర్‌కి వెళ్లి నేర్పాల్సింది మీరు కాదు. ప్రయోగం చేసిన స్టోర్‌లోని క్యాషియర్‌ని మూడు రోజులు పంపండి. ప్రయాణం, భోజనం ఖర్చు, ఆ మూడు రోజులకి అదనంగా కొంత భత్యం ఇవ్వండి. "మాకూ మొదట్లో ఇదంతా తలనొప్పే అనిపించింది అక్కా, రెండు వారాలు ఆగు" అని ఇంకో క్యాషియర్ చెబితే పడే నమ్మకం మీ స్లైడ్లకి పడదు. వెళ్లొచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురు రెండేళ్లలో సూపర్‌వైజర్లు అవుతారు, చూస్తూ ఉండండి.

కంపెనీయే చేతులు మారినప్పుడు ఇది ఇంకా అవసరం. హైదరాబాదులో పుట్టిన త్రినేత్ర 2007లో ఆదిత్య బిర్లా వాళ్ల చేతికి వెళ్లి తర్వాత "మోర్" అయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి మార్పుల్లో బోర్డు మార్చడం రెండు రోజుల పని. పాత కంపెనీలో పదేళ్లు చేసిన మనిషికి తన సర్వీసు లెక్కలోకి వస్తుందో లేదో తెలియని భయం ఉంటుంది. శిక్షణకి ముందు ఆ జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి. సర్వీసు, పీఎఫ్, జీతం తేదీ. ఈ మూడూ తేలకుండా కొత్త కంపెనీ విలువల గురించి మాట్లాడొద్దు.

8. పైవాళ్లకి నిజం చెప్పండి, కింద వాళ్లకి ఇంకా ముందు చెప్పండి

ఇళ్ల రిపేర్లకి కావలసిన సామాను అమ్మే హోమ్ డిపో అమెరికాలోని అట్లాంటాలో 1979లో మొదటి స్టోర్లు తెరిచింది. ప్లంబింగ్, కరెంటు పనులు తెలిసినవాళ్లు ఫ్లోర్ మీద ఉండి కస్టమర్‌కి పని నేర్పి మరీ పంపేవాళ్లు. స్టోర్ మేనేజర్లకి చాలా స్వేచ్ఛ ఉండేది. 2000 డిసెంబరులో జనరల్ ఎలక్ట్రిక్ నుంచి రాబర్ట్ నార్డెల్లి సీఈఓగా వచ్చి అధికారాలన్నీ ప్రధాన కార్యాలయానికి లాగాడు, అన్నిటికీ కొలతలు పెట్టాడు, పార్ట్‌టైమ్ సిబ్బందిని పెంచాడు. కాగితం మీద అమ్మకాలు, లాభాలు పెరిగాయి. ఫ్లోర్ మీద అనుభవమున్నవాళ్లు తగ్గారు, కస్టమర్ల అసంతృప్తి పెరిగింది. 2007 జనవరిలో ఆయన వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన ఫ్రాంక్ బ్లేక్ కంపెనీ నిర్మాణాన్ని తలకిందులుగా గీసి చూపించాడు. పైన కస్టమర్లు, వాళ్ల కింద స్టోర్ సిబ్బంది, అట్టడుగున సీఈఓ. ఆదివారాలు కూర్చుని స్టోర్ సిబ్బందికి తన చేత్తో ఉత్తరాలు రాసేవాడు.

మీ నెలవారీ రివ్యూలో బాగాలేని అంకెతో మొదలుపెట్టండి. దానికి కారణం ఏంటో, మీకేం కావాలో చెప్పండి. "ఓపెనింగ్‌లో ఇద్దరు తక్కువున్నారు, అందుకే ట్యాగులు మారడం లేదు" అంటే అది సాకు కాదు, లెక్క. నోట్‌బుక్ తీసి చూపించండి. మనుషులు తక్కువుంటే ఏ శిక్షణా ఆ లోటు పూడ్చదు.

ఒక్కోసారి మార్పు అంటే మనుషుల్ని తగ్గించడమే అవుతుంది. సెల్ఫ్ బిల్లింగ్ మిషన్లు వస్తాయి, నష్టాల్లో ఉన్న స్టోర్ మూసేస్తారు. అప్పుడు దాన్ని "కల్చర్ ట్రాన్స్‌ఫర్మేషన్" అని పిలవకండి. ఎంతమంది, ఎప్పుడు, ఎవరికి పక్క స్టోర్‌లో చోటుంది, మిగతావాళ్లకి ఎంత ఇస్తారు అన్నది తేలిన రోజే స్టోర్‌కి వెళ్లి మీరే చెప్పండి. వాట్సాప్‌లో పంపకండి, స్టోర్ మేనేజర్ నెత్తిన పెట్టకండి. అక్కడే నిలబడి వాళ్లు అడిగినవాటికి జవాబు చెప్పండి, ఏడిస్తే ఆగండి.

9. నిలబడిందో లేదో ఎలా తెలుస్తుంది

స్టోర్ మేనేజర్‌కి వీక్లీ ఆఫ్ ఉన్న రోజు, చెప్పకుండా, మామూలు కస్టమర్‌లా వెళ్లండి. పండగ ముందు వారం అయితే ఇంకా మంచిది. ఏడు నిమిషాల బ్రీఫింగ్ ఆయన లేకుండా జరిగిందా? స్టూళ్లు కౌంటర్ దగ్గరే ఉన్నాయా? ట్యాగ్ తేడా వస్తే క్యాషియర్ భయపడకుండా తనే సరిచేసిందా? మూడూ అవునంటే ఎవరినీ పలకరించకుండా బిల్లు కట్టి వచ్చేయండి. ఏదన్నా లేకపోతే, తిట్టడానికి ఫోన్ తీయకండి. ఆ రోజు ఎంతమంది షిఫ్టుకి వచ్చారో ముందు చూడండి.

ఏరియా మేనేజర్లని రెండు మూడేళ్లకోసారి మార్చేస్తారు. మీకూ ట్రాన్స్‌ఫర్ వస్తుంది. ఆర్డర్ వచ్చిన వారంలోనే పన్నెండు స్టోర్లకీ వెళ్లి, స్టూళ్ల మెయిల్, యాభై రూపాయల మెయిల్, ఆపేసిన రిపోర్టుల జాబితా ప్రింట్ తీసి ఒక్కో మేనేజర్ చేతికి ఇవ్వండి. కొత్తగా వచ్చేవాళ్లు "ఇది ఎవరు చెప్పారు?" అని అడిగితే చూపించడానికి వాళ్ల దగ్గర కాగితం ఉండాలి. నోట్‌బుక్ మాత్రం కొత్త ఏరియా మేనేజర్‌కి ఇచ్చి, మొదటి రోజు ఆయన్ని ఆరింటి కూరగాయల బండి దగ్గరికి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి.